వెనక రాసింది ముందు, ముందు రాసింది వెనక: నాసు కినోకో రచనా ప్రస్థానం

జపాన్ రచయిత నాసు కినోకో పేరున ఉన్న రచనలను విడుదలైన సంవత్సరాల వరుసలో పేర్చి చూస్తే, ఒక రచయిత మెట్టు మెట్టుగా పైకి ఎక్కి వచ్చిన కథ కనిపిస్తుంది. 1998లో వెబ్‌సైటులో ధారావాహికగా పెట్టిన నవల, 2000లో మిత్రులతో కలిసి తయారు చేసిన కంప్యూటర్ గేమ్ ‘త్సుకిహిమే’, 2004లో సొంత సంస్థ ద్వారా వచ్చిన ‘ఫేట్/స్టే నైట్’, 2012లో ‘మహోత్సుకాయ్ నో యోరు’, 2015లో సెల్‌ఫోన్ గేమ్ ‘ఫేట్/గ్రాండ్ ఆర్డర్’, 2021లో మళ్ళీ ‘త్సుకిహిమే’. ఈ తేదీల్లో తప్పేమీ లేదు గానీ, వీటినే నమ్ముకుని చదవడం మొదలుపెట్టినవారు రెండు చోట్ల తికమక పడతారు. 2012లో వెలువడినది నిజానికి 1990ల మధ్యలో రాసి, అచ్చుకు నోచుకోక పక్కన పడి ఉన్న నవల. 2004లో వెలువడిన దాని మూలం అతను బడిలో చదువుకునే రోజుల నాటి అసంపూర్ణ రాతప్రతి. ఇది మొదటి చిక్కు. ‘ఫేట్’ అన్న పేరు అట్టమీద కనిపించిన ప్రతిదీ నాసు రాసినది కాకపోవడం రెండవది. ఈ రెండు చిక్కులూ విప్పితే తప్ప ఈ రచయిత ఏం చేశాడో, ఎందుకు ఇంతమందిని పట్టి ఉంచాడో తెలియదు.

నాసు 1973లో చిబా ప్రాంతంలో పుట్టాడు. మాధ్యమిక పాఠశాలలో పరిచయమైన తకేయుచి తకాషి బొమ్మలు వేసేవాడు, నాసు కథలు రాసేవాడు. ఆ జంట నేటికీ విడిపోలేదు. చదువు అయ్యాక తకేయుచి కొంతకాలం కంపైల్ అనే గేమ్ సంస్థలో పనిచేశాడు. నాసు రాసుకుంటూనే ఉన్నాడు. యామదా ఫుతారో రాసిన, చచ్చిన వీరులు లేచి వచ్చి కత్తులు దూసే చారిత్రక అద్భుత నవలలు, కికుచి హిదెయుకి రాసిన రాత్రి నగరాల భయానక కథలు, అయాత్సుజి యుకితో రాసిన, ఒకే భవనంలో అందరూ చిక్కుబడిపోయే అపరాధ పరిశోధన నవలలు అతని మీద బలంగా పనిచేశాయి. తర్వాత కాలంలో అతను సృష్టించిన ప్రతి నగరంలోనూ, ప్రతి పోరాటంలోనూ, ప్రతి భవనంలోనూ ఈ ముగ్గురి జాడ పట్టుకోవచ్చు.

1998 అక్టోబరులో వీరిద్దరూ ‘తకేబోకి’ అనే పేరుతో నడిపిన వెబ్‌సైటులో ‘కారా నో క్యోకాయ్’ అధ్యాయాలు కనిపించడం మొదలైంది. మొదటి అయిదు అధ్యాయాలు అక్కడే వచ్చాయి. చివరి రెండూ 1999 ఆగస్టులో తోక్యోలో జరిగిన కోమికెట్‌లో పుస్తకంగా అమ్మకానికి పెట్టారు. ఔత్సాహిక రచయితలూ చిత్రకారులూ సొంత ఖర్చుతో అచ్చు వేయించుకున్నవాటిని బల్లలు వేసుకుని అమ్ముకునే మహా సంత కోమికెట్. అక్కడ ఆ పుస్తకాన్ని పట్టించుకున్నవారు బహు తక్కువ. రెండేళ్ళు స్పృహలేక ఆసుపత్రిలో పడి ఉండి లేచిన ర్యోగి షికి అనే యువతికి వస్తువుల మీదా మనుషుల మీదా చావు గీతలుగా కనిపించడం, ఆ గీత వెంట కోస్తే ఏదైనా సరే అంతమైపోవడం ఇందులోని మూల కల్పన. అధ్యాయాలు కాలక్రమంలో ఉండవు: మొదటిది 1998లో జరుగుతుంది, రెండవది అంతకు మూడేళ్ళ వెనక్కి పోతుంది. ముందు వెనకలను తారుమారు చేసి, పాఠకుడే పేర్చుకోవాలని వదిలేసే ఈ అలవాటు ఆ తర్వాత అతని జీవితకాలపు పద్ధతి అయింది.

నవలగా పెద్దగా ఎవరికీ చేరని ఈ ఊహ, మరొక రూపంలో రెండేళ్ళలోనే వేలమందికి చేరింది. ఆ రూపం విజువల్ నావెల్. తెరమీద ఒక నేపథ్య చిత్రం, దాని ముందు పాత్రల బొమ్మలు, వాటిమీద అక్షరాలు, వెనక సంగీతం. చదివే మనిషి ఒక్కో నొక్కుతో ఒక్కో వాక్యాన్ని ముందుకు జరుపుకుంటాడు, అక్కడక్కడ ఏ దారి పట్టాలో తేల్చుకుంటాడు, ఆ ఎంపికను బట్టి కథ చీలుతుంది. చున్‌సాఫ్ట్ సంస్థ 1992లోనూ 1994లోనూ తెచ్చిన భయానక, అపరాధ పరిశోధన కథలు ఈ పద్ధతిని జనంలోకి తీసుకెళ్ళాయి. 1996లో లీఫ్ అనే సంస్థ ‘షిజుకు’, ‘కిజుఅతో’లతో దానికి విజువల్ నావెల్ అనే పేరును స్థిరపరచింది. గేమ్ తయారీకి ఇంజినీర్ల దండు కావాలి. దీనికి మాత్రం ఒక రచయిత, ఒక చిత్రకారుడు, కంప్యూటర్ స్క్రిప్టు రాయగల ఒకరు, సంగీతం కూర్చే ఒకరు చాలు. నాసు, తకేయుచి టైప్-మూన్ అనే పేరుతో ఏర్పరచిన బృందంలో సరిగ్గా అంతమందే ఉన్నారు.

2000 డిసెంబరు చివర జరిగిన శీతాకాలపు కోమికెట్‌లో ‘త్సుకిహిమే’ పూర్తి రూపం వచ్చింది. ఉచితంగా దొరికే ఎన్‌స్క్రిప్టర్ అనే పనిముట్టుతో దాన్ని కట్టారు. వెనక కనిపించే వీధులూ గదులూ చాలావరకు ఫోటోలను మసకబరచి రంగులు మార్చినవే. పేదరికం తెరమీద దాచినా దాగదు. అయినా కథ మొదలైన కొద్దిసేపటికే అది మనసులోంచి పోతుంది. తోనో షికి అనే అబ్బాయి చిన్నప్పుడు పెద్ద ప్రమాదం నుంచి బతికి బయటపడ్డాక, ఆసుపత్రి మంచం మీదనే అన్నిటిమీదా పగుళ్ళలాంటి గీతలు చూస్తాడు. ఆ గీత మీద చాకు ఆనిస్తే మంచం ముక్కలైపోతుంది. ఊరి బయట గడ్డిమైదానంలో ఎదురైన ఒక యువతి అతనికి ఆ గీతలు కనబడనివ్వని కళ్ళజోడు ఇస్తుంది. కొన్నేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం, వీధిలో కనిపించిన ఒక అపరిచిత స్త్రీని, కారణం తనకే తెలియని ఉద్రేకంతో, అతను వెంబడించి పదిహేడు ముక్కలుగా కోసేస్తాడు. మర్నాడు ఆమె దారిలో అతనికోసం కాచుకుని ఉంటుంది. ఆమె రక్తపిశాచాలను వేటాడే రక్తపిశాచి; తనను చంపినందుకు బదులుగా తనకు సాయం చేయమంటుంది. హత్యతో మొదలైన పరిచయం ప్రేమకథగా మారగలదని చదువరిని ఒప్పించడం తేలిక కాదు. నాసు ఒప్పించాడు.

ఇక్కడ మొదటి చిక్కు ముడి విప్పుకుందాం. చావును చూసే కళ్ళు ‘కారా నో క్యోకాయ్’ నుంచి వచ్చాయని చెప్పనక్కరలేదు. నాయకుడి పేరు కూడా షికియే. ఆ నవలలో బొమ్మలు చేసే మాంత్రికురాలు అవోజాకి తోకోకూ, ‘త్సుకిహిమే’లో కళ్ళజోడు ఇచ్చిన అవోజాకి అవోకోకూ ఇంటిపేరు ఒకటే, ఎందుకంటే వాళ్ళిద్దరూ అక్కాచెల్లెళ్ళు. ఆ అక్కాచెల్లెళ్ళ వైరం అసలు కథ ఎక్కడుంది? 2012 ఏప్రిల్‌లో విజువల్ నావెల్‌గా వచ్చిన ‘మహోత్సుకాయ్ నో యోరు’లో. అంటే 1998లోనూ 2000లోనూ పాఠకులు చూసినవి, అప్పటికే రాసి పక్కన పెట్టిన ఒక నవలకు కొనసాగింపులు. ఆ నవల బయటికి రావడానికి మాత్రం మరో పన్నెండేళ్ళు పట్టింది. పాత అభిమానులకు ఆ పాత్రల పేర్లు పురాణ పురుషుల పేర్లలా వినబడటానికి కారణం ఇదే: రచయితకు వారి గతం తెలుసు, మనకు తెలియదు, ఆ తెలియనితనమే కథకు లోతు తెచ్చింది. ముందే ప్రణాళిక వేసి ఇలా చేశాడని నేను అనుకోను. అచ్చు కాని రాతప్రతి ఉన్న రచయిత దానిలోని మనుషులను వదులుకోలేక, కొత్త కథల్లోకి తెచ్చుకున్నాడంతే.

2003లో వీరు నోట్స్ అనే సంస్థను రిజిస్టరు చేసి, 2004 జనవరి 30న ‘ఫేట్/స్టే నైట్’ విడుదల చేశారు. ఏడుగురు మాంత్రికులు, వారు పిలిపించుకున్న ఏడుగురు చారిత్రక, పౌరాణిక వీరులు, కోరిన కోరిక తీర్చే పవిత్ర పానపాత్ర (హోలీ గ్రెయిల్) కోసం ఫుయుకి అనే ఊళ్ళో రహస్య యుద్ధం చేస్తారు. దీని తొలి రూపంలో కథానాయిక ఒక అమ్మాయి, ఆమె పిలిపించుకున్న ఆర్థర్ రాజు మగవాడు. ఇద్దరినీ తిప్పేసి, నాయకుణ్ణి అబ్బాయిగా, రాజును ఆడపిల్లగా మార్చమన్న సలహా తకేయుచిది. నాటి కొనుగోలుదారుల్లో మగవారే ఎక్కువ అన్న లెక్క అందులో ఉంది. వ్యాపారం కోసం చేసిన మార్పే కథకు ప్రాణమైంది: ఆడపిల్లనన్న సంగతి దాచి రాజ్యమేలి, తన జీవితమే పొరపాటని నమ్మే సేబర్ పాత్ర ఆ మార్పు లేకుండా పుట్టేదే కాదు.

ఈ గేమ్‌లో మూడు దారులున్నాయి. వాటిని ఒక నిర్ణీత వరుసలోనే చదవాలి. మొదటిది పూర్తి కాకుండా రెండవది తెరుచుకోదు. సాధారణంగా విజువల్ నావెల్‌లో దారులంటే ఒక్కో కథానాయికతో ఒక్కో ప్రేమకథ. నాసు వాటిని ఒకే ప్రశ్నకు మూడు జవాబులుగా వాడాడు. పదేళ్ళ కిందట ఊరిని కాల్చిన మంటల్లోంచి ఒక్కడే బతికి బయటపడిన ఎమియా షిరో, తనను కాపాడి పెంచిన తండ్రిలాగా అందరినీ రక్షించే మనిషి కావాలనుకుంటాడు. మొదటి దారిలో ఆ ఆశయం చెక్కుచెదరదు. రెండవ దారిలో ఆ ఆశయాన్ని చివరిదాకా మోస్తే మనిషి ఏమవుతాడో అతని కళ్ళముందే నిలబడుతుంది. మూడవ దారిలో, అందరినీ కాపాడటమా, ఒక్క మనిషిని కాపాడటమా అని తేల్చుకోవలసి వచ్చి, అతను ఆశయాన్నే వదులుకుంటాడు. నాలుగవదిగా అనుకున్న, ఇలియా అనే పాత్ర దారి విడిగా రాయడం కుదరక మూడవదానిలో కలిసిపోయింది. ఆ దారి మిగతా రెండింటికన్నా పొడవుగా, కొంత అతుకుల బొంతలా ఉండటానికి అదొక కారణం.

నాసు పనితనం దగ్గరగా చూడాలంటే ప్రారంభాన్ని చూడాలి. (కథ ముందే తెలియడం ఇష్టం లేనివారు ఈ పేరా దాటి పోవచ్చు.) మూడు రోజుల ఉపోద్ఘాతం నాయకుడి నోట నడవదు, ఏడుగురు మాంత్రికుల్లో ఒకరైన తోసాకా రిన్ నోట నడుస్తుంది. ఆమె ఇంట్లో గడియారాలన్నీ ఆ రోజు గంట ముందుకు జరిగి ఉంటాయి. అది గమనించక, తన శక్తి ఉచ్ఛస్థితిలో ఉండే గడియకు గంట ముందే మంత్రం చదివి, కోరుకున్న సేబర్‌కు (ఖడ్గవీరుడికి) బదులు ఆర్చర్‌ను (విలుకాణ్ణి) తెచ్చుకుంటుంది. తర్వాత ఒక రాత్రి బడిలో జరిగిన పోరు చూసినందుకు ప్రాణం పోగొట్టుకున్న కుర్రవాణ్ణి, తండ్రి ఇచ్చిన లాకెట్టులో దాచిన శక్తినంతా ఖర్చు పెట్టి బతికిస్తుంది. లాకెట్టు అక్కడే వదిలేసి వస్తుంది. తర్వాత ఆర్చర్ ఆ లాకెట్టును తెచ్చి ఆమె చేతిలో పెడతాడు. చదివేవాడు ఇందులో వింతేముందని ముందుకు సాగిపోతాడు. రెండవ దారిలో ఎప్పుడో, ఆ లాకెట్టు మొదటినుంచీ షిరో దగ్గరే ఉందని తెలుస్తుంది. ఒకే లాకెట్టు రెండు చోట్ల ఎలా ఉంటుంది? ఆర్చర్ ఎవరన్న ప్రశ్నకు జవాబు ఉపోద్ఘాతంలోనే మన చేతికి ఇచ్చేశాడన్నమాట. అయాత్సుజిని చదివి నేర్చుకున్నది ఇదీ.

అతని వచనం గురించి రెండు మాటలు చెప్పాలి. ‘ఫేట్/స్టే నైట్’లో అక్షరాలు తెర అడుగున చిన్న పెట్టెలో కాక, పుస్తకపు పుటలాగా తెరనిండా పరుచుకుంటాయి. ప్రతి వాక్యం తర్వాత చదువరి వేలు కదిలేదాకా కథ ఆగుతుంది. ఆ ఆగడాన్ని నాసు తాళంలా వాడతాడు: పోరాట ఘట్టాల్లో వాక్యం తునకలైపోతుంది, అదే మాట రెండు మూడుసార్లు తిరిగి వస్తుంది, ఒక్క పదం ఒక పుటంతా ఒంటరిగా నిలబడుతుంది. దాన్ని యథాతథంగా కాగితం మీద అచ్చువేస్తే సగం బలం పోతుంది. అదే సమయంలో, మంత్రశాస్త్ర నియమాలను గురించి పాత్రలు ఉపన్యసించడం మొదలుపెడితే ఆపరు. యుద్ధం మధ్యలో పది పదిహేను నిమిషాల పాఠం వినవలసి వస్తుంది. అభిమానులు దాన్నే ఆస్వాదిస్తారు, సూత్రాలు రాసిపెట్టుకుంటారు. సంపాదకుడి కత్తెర పడి ఉంటే బాగుండేదని నాకనిపించిన చోట్లు మాత్రం తక్కువ కాదు.

మరొక విషయాన్ని దాటవేయడం సరికాదు. 2000లోనూ 2004లోనూ వచ్చిన ఈ రెండూ పెద్దలకు మాత్రమే అమ్మిన గేమ్‌లు. అప్పటి కంప్యూటర్ విజువల్ నావెల్‌ల విపణి ప్రధానంగా అదే కనుక శృంగార ఘట్టాలు ఉండటం ఆనవాయితీ. చాలావరకు అవి కథకు అతికించినట్టే ఉంటాయి. 2007 ఏప్రిల్‌లో ప్లేస్టేషన్ 2 కోసం వచ్చిన కూర్పులో వాటిని తీసేసి, పాత్రలకు గొంతులు చేర్చారు. తీసేసినా కథ ఎక్కడా కుంటుపడలేదు.

ఇక రెండవ చిక్కు. 2004 తర్వాత నాసు పని రెండు పాయలుగా విడిపోయింది: తాను రాయడం, ఇతరులు తన లోకంలో రాస్తుంటే పర్యవేక్షించడం. ‘ఫేట్/స్టే నైట్’కు పదేళ్ళ ముందరి యుద్ధాన్ని చెప్పే ‘ఫేట్/జీరో’ నవలలు 2006, 2007 సంవత్సరాల్లో వచ్చాయి. రాసినది నైట్రోప్లస్ సంస్థకు చెందిన ఉరోబుచి గెన్. ముగింపు ఏమిటో పాఠకులందరికీ ముందే తెలిసిన కథ అది. తప్పించుకోలేని ఆ ముగింపు ఉరోబుచి స్వభావానికి చక్కగా సరిపోయింది. నాసు పాత్రలు ఓడిపోతూ కూడా తమకు తాము ఏదో నిరూపించుకుంటాయి, ఉరోబుచి పాత్రలకు ఆ ఊరట దొరకదు. యానిమే (జపాన్ యానిమేషన్) చూసి ఈ లోకంలోకి వచ్చిన చాలామంది ‘జీరో’ను నాసు రచనగానే పొరబడతారు. ‘ఫేట్/అపోక్రిఫా’ హిగాషిదే యుఇచిరో రాసినది. మన కర్ణుడు కవచకుండలాలు వదులుకున్న దాతగానే అడుగుపెట్టేది ఇందులోనూ, 2013లో వచ్చిన ‘ఫేట్/ఎక్స్‌ట్రా సీసీసీ’లోనూ. ఈ రెండవదానికి కథ రాసినవాడు నాసు.

ఈ మధ్యకాలంలోనే పాత నవలకు మళ్ళీ ఊపిరి వచ్చింది. ఒకనాడు కోమికెట్ బల్లమీద పట్టించుకునేవారు లేని ‘కారా నో క్యోకాయ్’ను 2004లో కొదాన్షా రెండు సంపుటాలుగా వేసింది. 2007 చివరినుంచి 2009 వరకు యుఫోటేబుల్ స్టూడియో ఏడు అధ్యాయాలనూ ఏడు చిత్రాలుగా తీసింది, అదీ నవలలోని తారుమారు వరుసలోనే.

2015 జూలైలో మొదలైన ‘ఫేట్/గ్రాండ్ ఆర్డర్’ ఈ ప్రస్థానంలో అతి పెద్ద మలుపు. సోనీ అనుబంధ సంస్థ అనిప్లెక్స్ ప్రచురించిన ఈ గేమ్ రాబడి ఎంతటిదంటే, సోనీ సంగీత విభాగపు లెక్కలను చదివేవారు దీని పేరు కూడా తెలుసుకోవలసి వచ్చింది. కథ చదవడానికి డబ్బు కట్టనక్కరలేదు. పాత్రలు కావాలంటే లాటరీ తీయాలి. గాచా అని పిలిచే ఈ పద్ధతి జూదానికి దగ్గరి చుట్టమే. దాని రాబడితోనే అంత పొడవైన వచనం ఉచితంగా పాఠకుల చేతికి వచ్చిందన్నదీ నిజమే. నాసు, హిగాషిదే, సకురాయ్ హికారు తదితరులు అధ్యాయాలు పంచుకుని రాశారు. మొదటి ఏడాది కథ అంతంతమాత్రంగా నడిచింది. 2016 జూలైలో నాసు రాసిన ఆరవ అధ్యాయం ‘క్యామెలాట్’ వచ్చాకే దాని స్థాయి మారింది.

ఆ అధ్యాయంలో అతను ఏం చేశాడో చూస్తే అతని పద్ధతంతా అర్థమవుతుంది. ఆర్థర్ పురాణంలో, ప్రాణం పోతున్న రాజు తన ఖడ్గాన్ని సరస్సులో విసరమని బెడివెర్‌ను పంపుతాడు; అతను రెండుసార్లు మనసొప్పక వెనక్కి వచ్చి అబద్ధమాడతాడు, మూడవసారి విసురుతాడు. 2004 గేమ్ మొదటి దారి ఆ దృశ్యంతోనే ముగుస్తుంది. పన్నెండేళ్ళ తర్వాత నాసు ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: మూడవసారి కూడా అతను విసరలేకపోతే? ఆ రాజు చావలేక మానవత్వం పోగొట్టుకుని దేవతగా మారిన లోకం, తన తప్పు దిద్దుకోవడానికి పదిహేను వందల ఏళ్ళు నడిచిన భటుడు, ఇవన్నీ ఆ ఒక్క మార్పునుంచి పుట్టినవే.

అదే ఏడాది డిసెంబరులో వచ్చిన మొదటి భాగపు ముగింపు, పుస్తకంలో సాధ్యం కానిది. కథ ప్రకారం మానవజాతి 2016తో అంతరించాలి. ఆడేవారి గోడమీది క్యాలెండరు కూడా 2016 చివరివారమే చూపిస్తోంది. డెబ్బైరెండు భూతస్తంభాల కూటమిని జపాన్‌లోని ఆటగాళ్ళందరూ కలిసి, ఒకే ఉమ్మడి లెక్కలో, కూల్చవలసి వచ్చింది. వాటిలో బార్బతోస్ అనే స్తంభం దగ్గర దొరికే, ఆటలో పాత్రలను బలపరచుకునే సరుకు కోసం జనం ఎంతగా ఎగబడ్డారంటే, అది మిగతావాటికన్నా చాలా ముందే కుప్పకూలింది. లోకం అంతమైపోతుంటే సరుకుల వేటలో పడ్డ మనుషుల చేతిలో ఒక భూతం దిక్కులేని చావు చావడం రచయిత రాసిన హాస్యం కాదు, అయినా ఆ సంఘటనకు అది చక్కగా అమరింది.

కొత్త రాబడి పాత బాకీలు తీర్చడానికి వెసులుబాటు ఇచ్చింది. ‘త్సుకిహిమే’ను తిరగరాస్తామని 2008లో ప్రకటించారు, అది 2021 ఆగస్టు 26న వచ్చింది, అదీ సగమే. అదే వేసవిలో గ్రాండ్ ఆర్డర్‌లో నాసు రాసిన ‘అవలోన్ లె ఫే’ అనే అతి పొడవైన అధ్యాయం కూడా భాగాలుగా వెలువడింది. కొత్త ‘త్సుకిహిమే’లో పాతదానిలోని అయిదు దారుల్లో రెండే, అంటే అర్క్వీడ్ (ఆ రక్తపిశాచి), సియెల్ అనే కథానాయికల దారులే ఉన్నాయి. సియెల్ దారి దాదాపు కొత్త రచన. ఫోటోలను మసకబరచిన ఆ పాత వీధుల స్థానంలో కదిలే కెమెరా, సినిమా స్థాయి వెలుగునీడలు వచ్చాయి. ఒక లాభంతోపాటు నష్టమూ ఉంది: పాతదాంట్లో ఊహకు వదిలేసిన ఒంటరితనం, ఇప్పుడు ప్రతి మూలా బొమ్మ కట్టేసరికి కొంత పలచబడింది. 2000లోనే అనుకుని రాయకుండా వదిలేసిన, సాత్సుకి అనే సహవిద్యార్థిని దారి కోసం ఎదురుచూసే అభిమానుల పట్టుదల ఒక నిలవ పరిహాసంగా మారిపోయింది. ‘రెడ్ గార్డెన్’ అన్న పేరుతో ప్రకటించిన రెండవ సగం మీదే వారి ఆశలన్నీ.

ఇంగ్లీషులో చదవగలిగినవారికి ఇప్పుడు మూడూ అధికారికంగా దొరుకుతున్నాయి: ‘మహోత్సుకాయ్ నో యోరు’ ‘విచ్ ఆన్ ది హోలీ నైట్’ పేరుతో 2022 చివరినుంచి, కొత్త ‘త్సుకిహిమే’ 2024 జూన్ నుంచి, ‘ఫేట్/స్టే నైట్’ 2024 ఆగస్టు నుంచి. అభిమానులు సాధారణంగా ‘ఫేట్’తో మొదలుపెట్టమంటారు. నా సలహా మాత్రం ‘మహోత్సుకాయ్ నో యోరు’. ప్రధాన కథలో ఎంపికలు లేవు, దారులు లేవు. 1980లలో, కొండమీది పాత బంగళాలో ఇద్దరు మాంత్రికురాళ్ళూ, కొండల్లో పెరిగి కరెంటు దీపాలకు కూడా అలవాటుపడని ఒక కుర్రాడూ ఒకే కప్పు కింద బతకడం నేర్చుకునే కథ అది. నాసు మిగతా పుస్తకాల్లో ఎదురయ్యే అవోకో, తోకో ఎవరో అక్కడే తెలిసిపోతుంది కనుక, ఆ తర్వాత ‘త్సుకిహిమే’ గడ్డిమైదానానికి చేరినప్పుడు కళ్ళజోడు ఇచ్చిన మనిషి మీకు కొత్త కాదు.